హీలియం మీద ప్రాజెక్ట్: "గుంటూరులో కనుగొన్నారు" అని రాసేయొచ్చా?

పల్నాటి పిల్ల:

అందరికీ నమస్తే. నేను బీఎస్సీ సెకండియర్, గుంటూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీ. ఈ సెమిస్టర్‌లో మా కెమిస్ట్రీ మేడమ్ గ్రూపుకో మూలకం చొప్పున పంచి ప్రాజెక్ట్ చేయమన్నారు, మా నలుగురికీ హీలియం తగిలింది. రాగి, ఇనుము వచ్చినవాళ్ళు హాయిగా టైట్రేషన్లు చేసుకుంటున్నారు. మాదేమో దేనితోనూ కలవని వాయువు, రంగు లేదు, వాసన లేదు, టెస్ట్‌ట్యూబులో చూపించడానికి ఏమీ లేదు.

మా గ్రూపులో ఒకడు మొదటి పేజీలోనే "1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరులో హీలియంను కనుగొన్నాడు" అని పెద్దక్షరాల్లో పెట్టాడు. నెట్‌లో ఎక్కడ చూసినా అదే వాక్యం. మేడమ్ చూసి, "ఆయన ఆ రోజు చూసింది ఏ గీత? ఉత్తరంలో ఏం రాశాడు? అది చెప్పకుండా కనుగొన్నాడు అంటే నేను సంతకం పెట్టను" అన్నారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.

రెండో సంగతి, రిపోర్టులో ప్రయోగం తప్పనిసరిగా ఉండాలట. బెలూన్లో గ్యాస్ పట్టించి ఎగరేసి ఫొటో పెడదామని మావాళ్ళు అంటున్నారు, అది ప్రయోగమే కాదని నాకే అనిపిస్తోంది. డబ్బులు పెద్దగా లేవు. ఫిజిక్స్ ల్యాబులో స్పెక్ట్రోమీటరు (వెలుగు గీతల కోణం కొలిచే పరికరం), గ్రేటింగ్ (సన్న గీతలు గీసిన, వెలుగును విడదీసే పలక), సోడియం ల్యాంప్ ఉన్నాయి. తెలిసినవాళ్ళు కాస్త దారి చూపించండి.

పాత లెక్చరర్:

అమ్మా, మీ మేడమ్‌కి ముందు ఒక నమస్కారం పెట్టుకోండి, ఈ రోజుల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ.

జరిగింది చెబుతాను, ఏది ఎవరిదో మీరే విడదీసుకోండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, చాలా పెద్దది, గుంటూరులో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయి ఐదు నిమిషాలకు పైనే ఉన్నాడు. అందుకే పియర్ జాన్సెన్ పారిస్ నుంచి పనిగట్టుకుని ఇంత దూరం వచ్చాడు. అదే ఊళ్ళో బ్రిటిష్‌వాళ్ళ తరఫున టెనెంట్ బృందం కూడా దిగింది, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ ఉన్నాడు. గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు లేస్తూ కనబడతాయి కదా, అవి వట్టి వెలుగా, మండే వాయువా అన్నది అప్పటి పెద్ద ప్రశ్న. వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌లో పెట్టి చూస్తే విడివిడి గీతలు మెరుస్తూ వచ్చాయి. గీతలు వచ్చాయంటే వేడెక్కిన వాయువు. ముఖ్యంగా హైడ్రోజన్. ఆ రోజు తేలింది అది.

ఆ గీతల్లో పసుపుది కూడా ఒకటి ఉంది. చూసినవాళ్ళలో చాలామంది అది సోడియం ఇచ్చే పసుపు గీతే (డి గీత అంటారు) అనుకుని అలాగే రాసుకున్నారు. డి గీతతో అది సరిగ్గా కలవడం లేదేమో అన్న అనుమానం పాగ్సన్ రిపోర్టులో కనబడుతుందని చరిత్రకారులు అంటారు. అంటే పసుపు గీత వరకే చూసుకుంటే గుంటూరు కంటే బందరుకే కాస్త ఎక్కువ హక్కు ఉందన్నమాట.

ఇక జాన్సెన్ గొప్పతనం వేరే చోట ఉంది. గ్రహణం చూస్తుండగానే, ఇంత ప్రకాశంగా ఉన్న గీతలు గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అని ఆయనకు తట్టింది. మర్నాడు, ఆగస్టు 19 పొద్దున్నే, స్పెక్ట్రోస్కోప్ చీలికను సూర్యుడి అంచుకు ఆనించి చూశాడు. కనబడ్డాయి. కిటుకు ఏమిటంటే, ఆకాశపు వెలుగు అన్ని రంగుల కలగలుపు కాబట్టి దాన్ని ఎంత వెడల్పుగా పరిస్తే అంత పలచబడుతుంది, జ్వాలల వెలుగేమో రెండు మూడు గీతల్లోనే ఉంది కాబట్టి ఎంత పరిచినా గీత గీతగానే నిలబడుతుంది. అప్పటిదాకా ఈ జ్వాలల కోసం ఏ గ్రహణం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి, ఓడలెక్కి, మబ్బు పడితే ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళేవాళ్ళు. ఆ అవసరం గుంటూరులో తీరిపోయింది. సెప్టెంబరు మొదటివారం దాకా ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. తర్వాత కాకినాడ నుంచి సెప్టెంబరు 19 తేదీతో పారిస్ అకాడమీకి ఉత్తరం రాశాడు. అందులో ఉన్నది ఈ పద్ధతి, హైడ్రోజన్ గీతలు. కొత్త మూలకం మాట లేదు.

ఆ మాట లండన్‌లో నార్మన్ లాకియర్ దగ్గర మొదలైంది. ఆయన ఇండియాకు రానేలేదు. అదే పద్ధతిని తనంతట తానే ఆలోచించి పెట్టుకుని అక్టోబరు 20న చూశాడు. పసుపు గీత సోడియం గీతల జంట మీద పడటం లేదని తేల్చింది ఆయన, ఆ జంట డి1, డి2 కాబట్టి దీన్ని డి3 అన్నారు. తమాషా ఏంటంటే లాకియర్ కబురూ, కాకినాడ నుంచి ఐదు వారాలు ప్రయాణించిన జాన్సెన్ ఉత్తరమూ అకాడమీలో ఒకే రోజు, అక్టోబరు 26న చదివారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి బొమ్మలూ ఉన్న పతకం వేయించింది. ఆ పతకం పద్ధతి కనిపెట్టినందుకు. జనం దాన్ని హీలియం ఖాతాలో వేసేశారు, మీవాడు కాపీ కొట్టిన వాక్యం పుట్టింది ఇక్కడే అని నా అభిప్రాయం.

లాకియర్, రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌ల్యాండ్ కలిసి ల్యాబులో హైడ్రోజన్‌ను ఎన్ని రకాలుగా వేధించినా ఆ గీత రాలేదు. హీలియం అన్న పేరు 1871లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో విలియం థామ్సన్ ఉపన్యాసంలో బయటికొచ్చింది. అప్పటికీ చాలామంది నమ్మలేదు. భూమ్మీద చేతికి చిక్కింది 1895లో, విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి వచ్చిన వాయువును చూసినప్పుడు. అమెరికాలో హిల్లెబ్రాండ్ అంతకుముందే ఇలాంటి ఖనిజం నుంచి ఆ వాయువును తీశాడు, నైట్రోజన్ అనుకుని వదిలేశాడు.

అరండల్‌పేట కుర్రాడు:

అంటే సార్, చిన్నప్పట్నుంచి క్విజ్‌లలో "హీలియం కనుగొన్న ఊరు గుంటూరు" అని చెప్పి మార్కులు కొట్టేశాం, ఇప్పుడు మా ఊరి పేరు కొట్టేయమంటారా 😅 ఉన్నదే ఒకటి, మిర్చి తర్వాత ప్రపంచానికి చెప్పుకోవడానికి! ఆ లండన్ ఆయన ఇంట్లో కూర్చుని పేరు కొట్టేశాడు, ఎండలో కష్టపడింది మా ఊళ్ళో. చెల్లీ నువ్వు గుంటూరు అనే రాయి, ఎవరేమన్నా.

పాత లెక్చరర్:

బాబూ, ఊరి పేరు ఎవరు కొట్టేయమన్నారు? గ్రహణం లేకుండా సూర్యజ్వాలలను మొట్టమొదట చూసిన చోటు గుంటూరు. ఇందులో ఎవరూ పేచీ పెట్టలేరు, ఉత్తరం ఉంది, తేదీ ఉంది. దాన్ని వదిలేసి వివాదం ఉన్న మాట పట్టుకుని ఎందుకు వేలాడటం? పైగా తర్వాత హీలియం తేలింది ఆ పద్ధతిలోనే. నన్నడిగితే క్విజ్ మాట కంటే ఇదే పెద్దది.

అమ్మాయీ, ఇంకొకటి కూడా చేర్చుకో. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి ఆ గ్రహణానికే ఇంకో బృందం వనపర్తికి వెళ్ళింది, దానికి పెద్ద చింతామణి రఘునాథాచారి. 1867లో ఆర్ రెటిక్యులై అనే చరతారను (వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని) పట్టింది ఈయనే. గుంటూరు, బందరు, వనపర్తి, ఒకే నీడ దారిలో మూడు. జాన్సెన్ పేరు తెలిసినవాళ్ళకు రఘునాథాచారి పేరు తెలియకపోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

క్రయోస్టాట్:

చరిత్ర సార్ చెప్పేశారు, ప్రయోగం నేను చెబుతాను. మేము ల్యాబులో రోజూ ద్రవ హీలియంతోనే పని, కానీ నీ ప్రాజెక్టుకు అది అక్కర్లేదు. నీ దగ్గర ఉన్న సామాన్లతోనే 1868 నాటి గొడవను మళ్ళీ బల్ల మీద పెట్టొచ్చు, "ఈ పసుపు ఆ పసుపేనా" అన్నదే నీ ప్రయోగం.

సోడియం గీతలు రెండు, 589.0, 589.6 నానోమీటర్లు. హీలియంది 587.6. తేడా సుమారు 1.4. కంటితో చూస్తే రెండూ ఒకే పసుపు, సీడీ ముక్కతో చేసిన అట్టపెట్టె స్పెక్ట్రోస్కోప్‌లో కూడా విడదీయడం కష్టం, అందుకని యూట్యూబ్ చూసి ఆ పెట్టె చేసి "మేం హీలియం చూశాం" అని రాయకండి. మీ ల్యాబులో గ్రేటింగ్ బహుశా అంగుళానికి 15,000 గీతలది అయ్యుంటుంది, పక్కన రాసి ఉంటుంది చూడు. అలా అయితే పలక మీద గీతకూ గీతకూ ఎడం 1.693 మైక్రోమీటర్లు. ఫస్ట్ ఆర్డర్‌లో, అంటే నేరుగా వచ్చే వెలుగు పక్కన పడే మొదటి వర్ణపటంలో, సోడియం 20 డిగ్రీల పైచిలుకు దగ్గర వస్తుంది, హీలియం దానికి మూడు నిమిషాల కోణం ఇవతల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం). మీ వెర్నియర్ ఒక నిమిషం దాకా చదువుతుంది కాబట్టి తేడా దొరుకుతుంది గానీ, చేయి కాస్త వణికినా పోతుంది. సెకండ్ ఆర్డర్‌కి వెళ్ళు. 44 డిగ్రీల దగ్గర తేడా ఎనిమిది నిమిషాలు అవుతుంది. ఎడమ, కుడి రెండు వైపులా రీడింగ్ తీసి తీసివేస్తే పదహారు. అది తప్పించుకోలేదు. థర్డ్ ఆర్డర్ కోసం వెతక్కు, ఆ గ్రేటింగ్‌కి సైన్ విలువ ఒకటి దాటుతుంది.

హీలియం డిశ్చార్జి ట్యూబు (హీలియం నింపిన, కరెంటుతో వెలిగే గాజు గొట్టం), దానికి హై వోల్టేజి సప్లై కావాలి. మీ కాలేజీలో లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో అడగండి, మేడమ్ చేత ఒక లెటర్ పెట్టిస్తే సాధారణంగా వాళ్ళ ల్యాబులోనే చేసుకోనిస్తారు. ట్యూబు చివరలు మాత్రం ముట్టుకోవద్దు, కొన్ని వేల వోల్టులు. ముందు సోడియం ల్యాంప్ పెట్టి, చీలికను వెంట్రుక మందానికి సన్నం చేసి, సెకండ్ ఆర్డర్‌లో రెండు గీతలు విడివిడిగా కనబడేదాకా ఫోకస్ సరిచెయ్యి. ఆ రెండింటి మధ్య మూడున్నర నిమిషాల లోపే ఉంటుంది, అవి విడిపోయాయంటే నీ అమరిక బాగున్నట్టే. తర్వాత టెలిస్కోప్‌లోని క్రాస్‌వైర్‌ను (గుర్తు తీగను) సోడియం గీత మీద పెట్టి, ప్రిజమ్ టేబుల్ కదపకుండా, గ్రేటింగ్ కదపకుండా, ల్యాంప్ తీసి ఆ చోటే హీలియం ట్యూబు పెట్టు. ట్యూబు వెలుగు తక్కువగా ఉంటుంది, సెకండ్ ఆర్డర్‌లో ఇంకా తక్కువ, గది చీకటి చేసి కళ్ళు అలవాటు పడేదాకా కూర్చోవాలి. పసుపులో ఒంటి గీత వస్తుంది, క్రాస్‌వైర్ ఉన్న చోటికి కాస్త పక్కగా. ఆ పక్కగా అన్నదాన్ని కొలిచి రాయడమే మీ ప్రాజెక్ట్. ఎరుపులో 667.8, ఆకుపచ్చలో 501.6, నీలంలో 447.1 కూడా వస్తాయి, వాటినీ కొలిస్తే ఒక పట్టిక నిండుతుంది.

ట్యూబు ఎక్కడా దొరకలేదనుకో, సోడియం జంటను విడదీసి కొలిచి, డి3 ఎక్కడ పడాలో లెక్కగట్టి చూపించినా అది నిజాయితీ గల పనే. ఎండలోకి తీసుకెళ్ళి సూర్యుడి వైపు టెలిస్కోప్ తిప్పే పని మాత్రం పెట్టుకోవద్దు, కళ్ళు పోతాయి.

స్కానింగ్ రూమ్:

నేను హైదరాబాద్‌లో ఎమ్మారై యంత్రాలు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. చెల్లెమ్మా, ఉపయోగాల పేజీలో దయచేసి బెలూన్లను పైన పెట్టకు. మేము పనిచేసే మామూలు యంత్రంలో అయస్కాంతం తీగచుట్టలు వెయ్యిన్నర నుంచి రెండు వేల లీటర్ల దాకా ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి, దాని మరుగు స్థానం 4.2 కెల్విన్, అంటే సున్నాకు కింద 269 డిగ్రీలు. ఆ చల్లదనం పోతే తీగకు అతివాహకత (అడ్డు లేకుండా కరెంటు పారే గుణం) పోతుంది, క్వెంచ్ అంటాం, ద్రవం అంతా ఒక్కసారిగా ఆవిరై గొట్టం గుండా డాబా మీదికి పోతుంది. లీటరు ద్రవం సుమారు 750 లీటర్ల వాయువు అవుతుంది, ఆ గొట్టం మూసుకుపోయి గ్యాస్ గదిలోకి వచ్చిందంటే లోపల ఆక్సిజన్ ఉండదు. అందుకే ప్రతి స్కానింగ్ గదిలోనూ ఆక్సిజన్ అలారం. హీలియం విషం కాదని రాస్తారు, నిజమే, కానీ గాలిని తోసేస్తుంది, గొంతు మార్చుకోవడానికి పీల్చే ఆటలు కూడా అందుకే వద్దు. మన దేశానికి వచ్చేది దాదాపు అంతా దిగుమతే. ఈమధ్య పది లీటర్ల లోపు హీలియంతో సీలు చేసిన యంత్రాలు కూడా వచ్చాయి, అది ఒక పేరా రాసుకో.

బెలూన్ల సంగతి వచ్చింది కాబట్టి, జాతరలో బెలూన్లవాడి సిలిండర్‌లో ఉండేది హీలియం అని నమ్మొద్దు. అల్యూమినియం తుక్కు, కాస్టిక్ సోడా వేసి అక్కడికక్కడే హైడ్రోజన్ తయారుచేసేవాళ్ళు చాలామంది. పేలిపోయి మనుషులు పోయిన వార్తలు ఎన్నిసార్లో చదివాం. మీ ఫొటో కోసం ఆ దగ్గరికి వెళ్ళకండి.

పల్నాటి పిల్ల:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. మా గ్రూపువాడికి చూపించాను, వాడు కాసేపు అలిగి చివరికి మొదటి పేజీ మార్చడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు అక్కడ "గ్రహణం లేకుండా సూర్యజ్వాలల గీతలను మొదట చూసిన చోటు గుంటూరు, 1868 ఆగస్టు 19" అని ఉంది. అరండల్‌పేట అన్నా, ఊరి పేరు ఉంది చూడు.

గ్రేటింగ్ మీద 15,000 అనే రాసి ఉంది. సోడియం గీతలు ఇంకా ఒకటిగానే కనబడుతున్నాయి, చీలిక సన్నం చేస్తే మసకైపోతోంది. ఇంకో సందేహం, భూమ్మీద హీలియం ఎక్కడ్నుంచి వస్తుంది అన్నదానికి "గాలి నుంచి" అని రాస్తే చాలా?

క్రయోస్టాట్:

మసకైతే కాలిమేటర్ (చీలిక ఉన్న గొట్టం) ఫోకస్ తప్పింది. టెలిస్కోప్‌ని ముందు కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టుకి ఫోకస్ చేసి, ఇక దాన్ని ముట్టకుండా చీలిక స్పష్టంగా వచ్చేదాకా కాలిమేటర్‌ని జరుపు. ఫస్ట్ ఇయర్‌లో చేయించే ఉంటారు, అందరూ హడావిడిగా దాటేస్తారు. ఫస్ట్ ఆర్డర్‌లో అవి కలిసి కనబడితే కంగారుపడకు, అక్కడ వాటి మధ్య ఒకటింపావు నిమిషమే.

గాలి నుంచి అని రాయకు. గాలిలో పది లక్షల పాళ్ళలో ఐదు పాళ్ళే ఉంటుంది, అందులోంచి తీస్తే ఖర్చు కిట్టదు. భూమి లోపల యురేనియం, థోరియం క్షీణిస్తూ ఆల్ఫా కణాలు వదులుతాయి, ఆ కణం రెండు ఎలక్ట్రాన్లు పట్టుకుంటే హీలియం పరమాణువే. రామ్సేకి యురేనియం ఖనిజంలో దొరకడానికి కారణం ఇదే, కానీ 1895లో అది ఆయనకు తెలిసే వీలు లేదు, రేడియోధార్మికత బయటపడింది మరుసటేడు. అలా పుట్టినది సహజవాయువు బావుల్లో చిక్కుకుని ఉంటుంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం డెక్స్‌టర్‌లో 1903లో ఒక బావి తవ్వి, ఊరంతా పండగ చేసుకుని నిప్పు పెడితే గ్యాస్ అంటుకోలేదు. దాన్ని యూనివర్సిటీలో పరీక్షిస్తే 1905లో అందులో హీలియం ఉందని తేలింది. మన దగ్గర బెంగాల్‌లో బక్రేశ్వర్ వేడినీటి బుగ్గల్లోంచి వచ్చే వాయువులో హీలియం ఉంది, సత్యేంద్రనాథ్ బోస్ దాని మీద ఆసక్తి చూపించాక అక్కడ పరిశోధన నడిచింది. రాజమండ్రి వైపు గ్యాస్ బావులు చూసి అక్కడా ఉంటుందేమో అని ఊహించి రాయకు, విశ్లేషణ రిపోర్టు చేతిలో ఉంటేనే రాయి.

పాత లెక్చరర్:

వైవాలో ఒక ప్రశ్న తప్పకుండా పడుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. సూర్యుడిలో హీలియం అంత ఉంటే, మామూలు సూర్యకాంతి వర్ణపటంలోని నల్ల గీతల్లో ఈ పసుపు గీత ఎందుకు లేదు అని అడుగుతారు. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్ దగ్గర ఉంటుంది. ఈ గీత రావాలంటే హీలియం పరమాణువు ముందుగా 20 ఎలక్ట్రాన్ వోల్టులకు (పరమాణువుల శక్తిని కొలిచే ప్రమాణం) పైన ఎక్కి కూర్చోవాలి, ఆ వేడి దానికి చాలదు. పైన వర్ణావరణంలో (ఉపరితలం మీది వాయు పొరలో), జ్వాలల్లో మాత్రం ఎక్కగలదు. అందుకే సూర్యకాంతిలోని నల్ల గీతలను పరిశీలించిన ఫ్రౌన్‌హోఫర్ అన్ని వందల గీతలు గుర్తించినా ఇది ఆయనకు దొరకలేదు, అంచున జ్వాలలు చూసినవాళ్ళకే దొరికింది. ఇది మీ నలుగురిలో ఒక్కరు కాదు, నలుగురూ చెప్పగలగాలి, ఎవర్ని లేపుతారో తెలియదు కదా.